గ్రెటె వైట్జ్ పరుగు జీవితం: తరచుగా అడిగే ప్రశ్నలు

42.195 కిలోమీటర్ల రోడ్డు పరుగైన మారథాన్ చరిత్ర ఎత్తుకున్నవారెవరైనా నార్వేకు చెందిన గ్రెటె వైట్జ్ దగ్గర ఆగక తప్పదు. ఆమె గురించి పరుగు ప్రియులు మళ్లీ మళ్లీ అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాను. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఆమె కథలో సగం ఆమె కాళ్ల బలానిది, మిగతా సగం ఆమెకు సరిపడే పోటీ అప్పటికి ఇంకా ఎవరూ పెట్టకపోవడానిది. ఈ రెండో సగాన్ని వదిలేసి పతకాలు మాత్రమే లెక్కపెడితే ఆమె పరుగు జీవితం సరిగా అర్థం కాదు.

గ్రెటె వైట్జ్ ఎవరు? క్లుప్తంగా చెప్పండి.

1953 అక్టోబర్ 1న ఒస్లోలో పుట్టింది. పుట్టింటి పేరు ఆండర్సన్. 1975లో జాక్ వైట్జ్‌ను పెళ్లాడింది. చదువు చెప్పడం వృత్తి. న్యూయార్క్ మారథాన్‌ను తొమ్మిదిసార్లు, పచ్చిక నేలల మీద, మిట్టపల్లాల మీద సాగే ప్రపంచ క్రాస్ కంట్రీ పోటీని ఐదుసార్లు గెలిచింది. 1983లో హెల్సింకిలో మహిళల మారథాన్ తొలి ప్రపంచ విజేత అయింది. 1984 ఒలింపిక్స్‌లో రజతం సాధించింది. 2011 ఏప్రిల్ 19న క్యాన్సర్‌తో ఒస్లోలోనే కన్నుమూసింది. అప్పటికి ఆమె వయసు 57.

పరుగులోకి ఎలా వచ్చింది?

పొరుగింట్లో ఉండే టెర్యె పెడర్సన్ వల్ల. ఆయన జావెలిన్ వీరుడు. 1964లో ఈటెను 90 మీటర్లు దాటించిన తొలి మనిషి. ఆయనే ఆ పిల్లను వీడార్ అనే క్రీడా క్లబ్బుకు పరిచయం చేశాడు. ఇంట్లో ఇద్దరు అన్నల వెనుక పరుగెత్తడం ఆమెకు అప్పటికే అలవాటు.

మొదటి నుంచీ మారథానే పరుగెత్తేదా?

కాదు. పాతికేళ్లు వచ్చేదాకా ఆ దూరం జోలికే వెళ్లలేదు. ఆమె ట్రాక్ మనిషి. 1972 మ్యూనిక్ ఒలింపిక్స్‌కు పద్దెనిమిదేళ్ల వయసులో 1500 మీటర్లు పరుగెత్తడానికి వెళ్లి తొలి రౌండులోనే వెనుదిరిగింది. 1974లో రోమ్‌లో జరిగిన యూరప్ పోటీల్లో అదే దూరంలో కాంస్యం గెలిచింది. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌లో సెమీఫైనల్ దాటలేకపోయింది.

అదే సమయంలో ఆమె 3000 మీటర్లలో ప్రపంచ రికార్డు నెలకొల్పిన మనిషి అని గుర్తుంచుకోవాలి. 1975 జూన్‌లో ఒస్లోలో 8:46.6, మరుసటి జూన్‌లో అక్కడే 8:45.4. అంత వేగం ఉన్న మనిషి మాంట్రియల్‌లో 1500 ఎందుకు పరుగెత్తినట్టు? మహిళలకు అంతకన్నా పెద్ద దూరం ఒలింపిక్స్‌లో లేదు గనుక. 3000 మీటర్లు మహిళల పోటీగా ఒలింపిక్స్‌లోకి వచ్చింది 1984లోనే. ఆఖరి రెండు వందల మీటర్లలో మెరుపులా దూసుకుపోయే వాళ్లదే 1500. గ్రెటెది ఆ తరహా పరుగు కాదు. ఆపకుండా, తగ్గకుండా, పక్కవాళ్లను మెల్లగా అరగదీసే పరుగు. దూరం పెరిగే కొద్దీ ఆమెకు అనుకూలం. ఆ దూరం మాత్రం పోటీల పట్టికలో లేదు.

క్రాస్ కంట్రీలో అడ్డు లేకపోయింది. 1978లో గ్లాస్గో, 1979లో లిమరిక్, 1980లో ప్యారిస్, 1981లో మాడ్రిడ్, 1983లో గేట్స్‌హెడ్. ఈ అయిదు చోట్లా ప్రపంచ విజేత ఆమే. 1982లోనూ 1984లోనూ మూడో స్థానం.

ఆడవాళ్లకు దూరపు పోటీలు ఎందుకు పెట్టలేదు?

పెట్టకపోవడానికి వైద్యపరమైన సాక్ష్యం ఏమీ లేదు, భయమూ పెత్తనమూ ఉన్నాయి. 1928 ఆమ్‌స్టర్‌డామ్ ఒలింపిక్స్‌లో మహిళలకు మొదటిసారి 800 మీటర్లు పెట్టారు. పోటీ అయ్యాక అలసిన క్రీడాకారిణులు సేద తీరుతుంటే, అమ్మాయిలంతా కుప్పకూలారని పత్రికలు గోరంతలు కొండంతలు చేసి రాశాయి. ఆ దెబ్బకు 800 మీటర్లు మళ్లీ కనిపించింది 1960లో, రోమ్‌లో. 1500 రావడానికి 1972 దాకా ఆగాల్సి వచ్చింది.

రోడ్డు పరుగులో కథ ఇంకా విడ్డూరం. 1966లో బాబీ గిబ్ బోస్టన్ మారథాన్‌ను నంబరు లేకుండా, పొదల చాటు నుంచి వచ్చి జనంలో కలిసి పూర్తి చేసింది. మరుసటి ఏడాది క్యాథరిన్ స్విట్జర్ తన పేరు పొడి అక్షరాల్లో రాసి 261 నంబరు సంపాదించుకుంటే, నిర్వాహకుల్లో ఒకాయన దారి మధ్యలో ఆమె మీదికి వచ్చి నంబరు లాగేయబోయాడు. బోస్టన్‌లో మహిళలను అధికారికంగా అనుమతించింది 1972లో. అదే ఏడాది న్యూయార్క్‌లో మరో చిత్రం. ఆడవాళ్లు మగవాళ్లకన్నా పది నిమిషాలు ముందు విడిగా బయలుదేరాలని క్రీడా సంఘం షరతు పెట్టింది. తుపాకీ పేలింది. గీత దగ్గర ఉన్న ఆరుగురు మహిళలు నిరసన అట్టలు పట్టుకుని కింద కూర్చున్నారు. పది నిమిషాల తర్వాత మగవాళ్ల తుపాకీ పేలాక లేచి వాళ్లతోపాటే పరుగెత్తారు. వాళ్ల సమయాలకు ఆ పది నిమిషాలూ కలిపి లెక్క రాశారు! గ్రెటె అదే మారథాన్‌కు వచ్చేసరికి ఇది జరిగి ఆరేళ్లే.

1978లో న్యూయార్క్ ఎలా వెళ్లింది?

ఆ ఏడాది ప్రాగ్‌లో యూరప్ పోటీలు. 3000 మీటర్లలో స్వర్ణం ఆశించింది, కాంస్యం దక్కింది. ఉద్యోగం చేస్తూ, పొద్దున్నా సాయంత్రం సాధన చేస్తూ అలసిపోయి ఉంది. ఇక ట్రాక్ మానేద్దామన్న ఆలోచనలో ఉండగా, జాక్ ఒక సలహా ఇచ్చాడు. మానేసే ముందు ఒకసారి న్యూయార్క్ మారథాన్ పరుగెత్తు, ఆ వంకతో అమెరికా చూసి వద్దామన్నాడు. విహారయాత్ర అన్నమాట.

నిర్వాహకుడు ఫ్రెడ్ లెబోకు మొదట ఆసక్తి లేదు. మారథాన్ ఎప్పుడూ పరుగెత్తని మనిషికి టికెట్టు ఖర్చులు ఎందుకు పెట్టాలి? కానీ 3000 మీటర్ల వేగం చూసి, మొదటి సగం దాకా మిగతా మహిళలను వేగంగా లాక్కెళ్లే పేస్‌మేకర్‌గా పనికొస్తుందని పిలిచాడు. ముందుండి పరుగెత్తి, మధ్యలో తప్పుకోవడం పేస్‌మేకర్ పని.

పోటీ ముందు రాత్రి భార్యాభర్తలు హాయిగా హోటల్లో భోంచేశారు. రొయ్యలు, మాంసం, వైన్, ఐస్‌క్రీం. మారథాన్ ముందు రోజు ఏం తినాలో ఈ రోజుల్లో పుస్తకాలకు పుస్తకాలు రాస్తున్నారు గానీ, ఆ రాత్రి వాళ్లకు అదేమీ పట్టలేదు. అంతకుముందు సాధనలో ఆమె ఏకబిగిన పరుగెత్తిన అత్యధిక దూరం ఇరవై కిలోమీటర్ల ప్రాంతం. అంటే సగం మారథాన్ కూడా లేదు.

ఆ పోటీ ఎలా సాగింది?

1978 అక్టోబర్ 22. చివరి నిమిషంలో చేరినందువల్ల 1173 నంబరు ఇచ్చారు. స్టేటెన్ ద్వీపం నుంచి బయలుదేరి, పెద్ద వంతెన దాటి బ్రూక్లిన్, క్వీన్స్, బ్రాంక్స్ చుట్టి మన్‌హటన్‌లో సెంట్రల్ పార్కులో ముగిసే దారి అది.

మొదటి గంట ఆమెకు ఆడుతూ పాడుతూ సాగింది. ఎందుకో లెక్క చూడండి. 3000 మీటర్ల రికార్డులో ఆమె వేగం కిలోమీటరుకు 2 నిమిషాల 55 సెకన్లు. ఈ మారథాన్‌లో సగటు 3 నిమిషాల 37 సెకన్లు. ఊపిరి ఇంకా బోలెడంత మిగిలి ఉంది. ఇబ్బంది పెట్టింది ఊపిరి కాదు, తొడలు. గట్టి రోడ్డు మీద అంతసేపు పరుగెత్తిన అలవాటు లేని కండరాలు, మూడో వంతు దూరం మిగిలి ఉండగానే పట్టేయడం మొదలైంది. పైగా దారిలో రాసిన గుర్తులన్నీ మైళ్లలో ఉన్నాయి. ఆమెకు తెలిసింది కిలోమీటర్లు. ఇంకా ఎంత ఉందో అంతు చిక్కలేదు. చెట్లు కనిపించిన ప్రతిచోటా ఇదే సెంట్రల్ పార్కు అయి ఉంటుందనుకోవడం, చెట్లు అయిపోయి మళ్లీ వీధి రావడం. ఆ తిట్లన్నీ మనసులో జాక్ మీదే పడ్డాయట.

గీత దాటేసరికి 2 గంటల 32 నిమిషాల 30 సెకన్లు. అప్పటిదాకా ఉన్న అత్యుత్తమ సమయం 2:34:47, జర్మనీకి చెందిన క్రిస్టా వాలెన్సిక్‌ది. రెండో స్థానంలో వచ్చిన అమెరికా అమ్మాయి మార్టీ కుక్సీ తొమ్మిది నిమిషాలకు పైగా వెనుక ఉంది. పేస్‌మేకర్ మధ్యలో తప్పుకోలేదు సరికదా, ప్రపంచ రికార్డే తిరగరాసింది. 1173 ఎవరో అక్కడ ప్రకటన చేసేవాళ్లకు తెలియదు. ఆమె మాత్రం జాక్‌ను వెతికి పట్టుకుని, బూట్లు విప్పి విసిరి, ఇలాంటి తెలివితక్కువ పని జన్మలో మళ్లీ చేయనని తెగేసి చెప్పింది. ఆ తర్వాత ఇంటికి, బడికి.

మరి మళ్లీ ఎందుకు పరుగెత్తింది?

నొప్పులు తగ్గాయి గనుక! 1979లో తిరిగొచ్చి 2:27:33లో ముగించింది. మహిళల మారథాన్‌లో రెండున్నర గంటల గోడ కూలింది ఆ రోజే. సొంత రికార్డును దాదాపు అయిదు నిమిషాలు తగ్గించింది. 400 మీటర్ల ట్రాక్ మీద 84 సెకన్లకు ఒక చుట్టు చొప్పున నూట అయిదు చుట్లకు పైగా తిరిగితే ఆ వేగం వస్తుంది. పరుగు అలవాటున్నవాళ్లు ఒక్క చుట్టు 84 సెకన్లలో తిరిగి చూస్తే విషయం బోధపడుతుంది.

1980లో 2:25:42. వరసగా మూడేళ్లు, మూడు రికార్డులు, ఒకే ఊరు.

న్యూయార్క్‌లో తొమ్మిది గెలుపులు ఏయే సంవత్సరాల్లో?

1978, 1979, 1980, 1982, 1983, 1984, 1985, 1986, 1988. మొదటి మూడు గెలుపుల సమయాలు పైన చెప్పాను. తర్వాతివన్నీ 2:27 నుంచి 2:29 మధ్యే ఉంటాయి. ఆఖరి గెలుపు 2:28:07. పదేళ్ల తేడాలో అంత నిలకడ చూపడం నన్ను రికార్డులకన్నా ఎక్కువగా ఆశ్చర్యపరుస్తుంది. 1990లో మళ్లీ పరుగెత్తి 2:34:34తో నాలుగో స్థానంలో నిలిచింది.

లండన్‌లో 1983, 1986లలో గెలిచింది. ఆమె జీవితంలో అత్యుత్తమ సమయం ఆ రెండోసారిదే, 2:24:54.

ఓటమి ఎరగదా?

ఎందుకు ఎరగదు? 1981 న్యూయార్క్‌లో కాలి నొప్పితో మధ్యలో తప్పుకుంది. ఆ ఏడాది న్యూజిలాండ్‌కు చెందిన అలిసన్ రో గెలిచి ప్రపంచ రికార్డు అన్నారు గానీ, తర్వాత కొలిస్తే దారి నూటయాభై మీటర్ల దాకా తక్కువ తేలింది. ఆ రోజుల సమయాలను ఈనాటి వాటి పక్కన పెట్టేటప్పుడు ఇలాంటివి గుర్తుంచుకోవాలి. 1982లో బోస్టన్‌లో ముందంజలో ఉండి, చివరి కొండ దిగేటప్పుడు తొడలు పట్టేసి ఆగిపోయింది.

ఒకటి మాత్రం నిజం. 1984 ఒలింపిక్స్ దాకా, పూర్తి చేసిన మారథాన్ ఏదీ ఆమె ఓడిపోలేదు.

ఒలింపిక్ స్వర్ణం ఎందుకు రాలేదు?

ఎక్కువమంది అడిగేది ఇదే, కొందరు ఎద్దేవాగా కూడా అడుగుతారు. జవాబు ఒక్క పోటీలో లేదు, పన్నెండేళ్లలో ఉంది.

1972, 1976లలో ఆమెకు సరిపడే దూరం లేదు. 1980లో మాస్కో ఒలింపిక్స్‌ను నార్వే బహిష్కరించింది. బహిష్కరించకపోయినా మహిళలకు అక్కడ మారథాన్ లేదు, 3000 మీటర్లూ లేవు. మహిళల మారథాన్‌ను ఒలింపిక్స్‌లో చేర్చాలని అంతర్జాతీయ ఒలింపిక్ కమిటీ నిర్ణయించింది 1981 ఫిబ్రవరిలో. ఆ నిర్ణయం వెనుక స్విట్జర్ నడిపిన మహిళల మారథాన్ పోటీల ఒత్తిడి ఉంది, గ్రెటె 1979లో పరుగెత్తిన 2:27:33 కూడా ఉంది. ఆడవాళ్లు ఈ దూరం తట్టుకోలేరని చెప్పేవాళ్ల నోరు మూయించడానికి ఆ అంకెను మించిన వాదన లేదు. కాబట్టి ఆ తలుపు తెరిచినవాళ్లలో ఆమె కూడా ఒకరు. తీరా తెరుచుకునేసరికి ఆమెకు ముప్పయ్యేళ్లు నిండాయి.

1984 ఆగస్టు 5, లాస్ ఏంజెలెస్. ముందు రోజు వెన్ను పట్టేసి నొప్పి. ఆ పోటీకి రావడానికి అమెరికా అమ్మాయి జోన్ బెనోయిట్ పడిన పాట్లు వేరే కథ. దేశపు ఎంపిక పోటీకి పదిహేడు రోజుల ముందు మోకాలికి శస్త్రచికిత్స చేయించుకుని, ఆ ఎంపిక పోటీ గెలిచి వచ్చింది. ఒలింపిక్ మారథాన్‌లో అయిదు కిలోమీటర్లు కూడా తిరగకముందే బెనోయిట్ గుంపును వదిలి ముందుకు వెళ్లిపోయింది. వెనుక ఉన్నవాళ్లెవరూ వెంటపడలేదు. ఎండ ముదిరే కొద్దీ అలసిపోయి దొరుకుతుందిలే అని గ్రెటె లెక్క. అంతకుముందు ఇద్దరూ తలపడినప్పుడు ఎక్కువసార్లు గెలిచింది గ్రెటెనే గనుక ఆ లెక్క అసంబద్ధమేమీ కాదు. కానీ బెనోయిట్ దొరకలేదు. 2:24:52తో స్వర్ణం. గ్రెటె 2:26:18తో రెండో స్థానం. పోర్చుగల్‌కు చెందిన రోసా మోటా మూడు, నార్వేకే చెందిన ఇంగ్రిడ్ క్రిస్టియన్‌సన్ నాలుగు. నన్నడిగితే, వెన్నునొప్పి కన్నా ఆ ఆలస్యపు లెక్కే ఆమెను ఎక్కువ దెబ్బతీసింది.

1988 సోల్‌లో మరో ప్రయత్నం. మోకాలి శస్త్రచికిత్స అయిన కొద్దికాలానికే బరిలో దిగి, మూడింట రెండొంతుల దూరం తర్వాత తప్పుకుంది. ఆరు వారాలు తిరిగేసరికి న్యూయార్క్‌లో తొమ్మిదోసారి గెలిచింది.

మన పాఠకులకు ఆ 1984 ఒలింపిక్స్ మరో కారణంగా గుర్తుంటుంది. గ్రెటె రజతం అందుకున్న మూడు రోజులకే పి.టి. ఉష అక్కడే 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో వందో వంతు తేడాతో కాంస్యం చేజార్చుకుంది. ఆ హర్డిల్స్ పోటీని కూడా మహిళలకు మొదటిసారి పెట్టింది ఆ ఒలింపిక్స్‌లోనే.

హెల్సింకి గెలుపు గురించి?

1983 ఆగస్టులో మొట్టమొదటి ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలు జరిగాయి. గ్రెటె 2:28:09తో గెలిచింది. రెండో స్థానంలో వచ్చిన మేరియన్ డికర్సన్ మూడు నిమిషాలు వెనుక. అంత ఏకపక్షంగా సాగిన పోటీ గురించి చెప్పడానికి ఇంతకన్నా ఏమీ లేదు.

ఆమెకు సమ ఉజ్జీలు ఎవరు?

బెనోయిట్, క్రిస్టియన్‌సన్. 1983 ఏప్రిల్ 17న గ్రెటె లండన్‌లో 2:25:29 పరుగెత్తి ప్రపంచ రికార్డును అందుకుంది. ఆ సంబరం ఒక్క రోజే. మర్నాడే బోస్టన్‌లో బెనోయిట్ 2:22:43 పరుగెత్తింది. ఒకే దెబ్బకు రెండున్నర నిమిషాలకు పైగా! 1985లో లండన్‌లో క్రిస్టియన్‌సన్ దాన్ని 2:21:06కు దించింది.

యాభై లక్షల జనాభా కూడా లేని దేశం నుంచి ఒకే కాలంలో ఇలాంటి ఇద్దరు ఎలా వచ్చారన్న ప్రశ్నకు, గ్రెటె దారి చూపడమే చాలావరకు జవాబని అనుకుంటాను. క్రిస్టియన్‌సన్ మొదట్లో స్కీయింగ్ క్రీడాకారిణి. నార్వేలో చలికాలపు ఆటలకు ఉన్న మోజు వేసవి పరుగులకు లేదు. రోడ్డు పరుగు కూడా మన ఆటే అని ఆ దేశం నమ్మింది గ్రెటె తర్వాతే.

రోజూ ఎలా సాధన చేసేది?

రోజుకు రెండుసార్లు. ఒకటి తెల్లవారుజామున, బడికి వెళ్లక ముందు. రెండోది సాయంత్రం. ఒస్లోలో డిసెంబరు నెలలో పొద్దు తొమ్మిది దాటాక పొడిచి మధ్యాహ్నం మూడున్నర కల్లా వాలిపోతుంది. అంటే రెండు పరుగులూ చీకట్లోనే, అందులోనూ మంచు పేరుకున్న రోడ్ల మీద. వెలుతురు కోసం, ఎండ కోసం చూస్తూ కూర్చుంటే ఆ దేశంలో నెలల తరబడి బూట్లు కట్టుకునే పని ఉండదు.

వేగం మీద ఆమెకున్న పట్టు చాలామంది మారథాన్ రన్నర్లకు ఉండదు. ట్రాక్ మీద సంపాదించిన వేగాన్ని రోడ్డు మీద ఖర్చు పెట్టింది. మారథాన్‌కు మారాక కూడా ట్రాక్‌నూ క్రాస్ కంట్రీనీ వదిలిపెట్టలేదు. ఆమె 3000 మీటర్ల అత్యుత్తమ సమయం 8:31.75 నమోదైంది 1979లో, అంటే మారథాన్ రికార్డు తర్వాతే. దూరం పరుగెత్తితే వేగం చచ్చిపోతుందనే వాదనకు ఇది గట్టి జవాబు.

డబ్బు సంగతి? ఉద్యోగం ఎప్పుడు మానేసింది?

ఆమె మొదలుపెట్టిన రోజుల్లో అథ్లెటిక్స్ ఔత్సాహికుల ఆట. బహుమతి సొమ్ము తీసుకుంటే నిషేధమే. 1980లలో ఆ నియమాలు ఒక్కొక్కటే సడలాయి. న్యూయార్క్ గెలుపుల తర్వాత ఆమె బడి పని వదిలి పూర్తికాలం పరుగుకు మళ్లింది. జాక్ మొదటి నుంచీ వెంటే ఉన్నాడు. ప్రయాణాలు, లెక్కలు, సాధన అన్నీ ఇద్దరూ కలిసి చూసుకున్నారు.

ఈనాటి రన్నర్లతో పోలిస్తే ఆమె ఎక్కడ ఉంటుంది?

సమయాలు చూస్తే వెనుకే. పౌలా రాడ్‌క్లిఫ్ 2003లో 2:15:25, బ్రిజిడ్ కోస్గె 2019లో 2:14:04, టిగిస్ట్ అసెఫా 2023లో 2:11:53. కానీ వీళ్లు పరుగెత్తిన బూట్లు వేరు, దారిలో తాగే పానీయాలు వేరు, చిన్నప్పటి నుంచి కళ్ల ముందున్న గురి వేరు. గ్రెటె పరుగెత్తింది పల్చటి అడుగున్న బూట్లతో. కార్బన్ పలక, స్ప్రింగులా తిప్పికొట్టే నురుగు అప్పటికి లేవు.

దగ్గరి పోలిక ఒకటి చెబుతాను. 2015లో బీజింగ్ ప్రపంచ పోటీల్లో కేరళకు చెందిన ఓ.పి. జైషా 2:34:43తో భారత రికార్డు నెలకొల్పింది. పూర్తి సాధన లేకుండా, మైళ్లు అర్థం కాకుండా గ్రెటె 1978లో పరుగెత్తిన సమయం అంతకన్నా రెండు నిమిషాలకు పైగా తక్కువ.

విరమణ తర్వాత ఫ్రెడ్ లెబోతో కలిసి పరుగెత్తిందట, నిజమేనా?

నిజమే. లెబోకు 1990లో మెదడు క్యాన్సర్ వచ్చింది. ఇరవై ఏళ్లకు పైగా ఆ పోటీ నడిపినా, అయిదు పేటల మీదుగా సాగే దారిలో తాను ఎప్పుడూ పరుగెత్తలేదు. 1992లో, అరవయ్యేళ్ల వయసులో, వ్యాధి కాస్త నెమ్మదించిన సమయంలో పరుగెత్తాడు. పక్కన గ్రెటె. 5 గంటల 32 నిమిషాలు పట్టింది. ఇద్దరూ కళ్లనీళ్లతో గీత దాటారు. 1994లో లెబో పోయాడు. విమానం టికెట్టు ఇవ్వాలా వద్దా అని తటపటాయించిన మనిషి పక్కన, తన మామూలు సమయానికి రెట్టింపు సేపు ఆమె రోడ్డు మీద ఉంది.

ఇంకో సంగతి ఇంత ప్రచారంలో లేదు. మల్టిపుల్ స్క్లెరోసిస్ అనే నరాల జబ్బు ఉన్న జోయి కొప్లోవిట్జ్ అనే మహిళ చేతికర్రల సాయంతో ఏటా న్యూయార్క్ మారథాన్ నడిచేది. రాత్రంతా నడిచి మర్నాడు పొద్దుటికి గానీ చేరేది కాదు. 1993లో ఆమెను ఆహ్వానించడానికి గ్రెటె గీత దగ్గరికి వెళ్లింది. చూస్తే పతకాలు అయిపోయాయి. హోటల్ గదికి పరుగెత్తి, ఆ పోటీలో జాక్ సంపాదించుకున్న పతకం తెచ్చి కొప్లోవిట్జ్ మెడలో వేసింది. జాక్‌ను అడిగిందో లేదో మరి!

జబ్బు పడ్డాక ఏం చేసింది?

2005లో క్యాన్సర్ అని తేలింది. ఏ రకమో బయటికి చెప్పలేదు. 2007లో క్యాన్సర్ రోగుల వ్యాయామం కోసం ఆక్టివ్ మూట్ క్రెఫ్ట్ అనే సంస్థను స్థాపించినవారిలో ఆమె ఒకరు. నార్వే ఆసుపత్రుల్లో చికిత్స సాగుతుండగానే రోగులు శిక్షకుల పర్యవేక్షణలో కదలడానికి, కసరత్తు చేయడానికి ఆ సంస్థ కేంద్రాలు పెట్టించింది. 2008లో దేశం ఆమెను సెయింట్ ఓలాఫ్ పురస్కారంతో సత్కరించింది. మరణించాక అంత్యక్రియలు ప్రభుత్వ ఖర్చుతో జరిగాయి. ఒస్లోలోని బిస్లెట్ స్టేడియం దగ్గర ఆమె విగ్రహం ఉంది. అది బతికుండగానే, 1984లో పెట్టింది.

మన దేశంలో పరుగెత్తే అమ్మాయిలకు ఈ కథతో సంబంధం ఏమిటి?

పోటీల పట్టికలో ఏముందో దాన్ని బట్టే క్రీడాకారిణి జీవితం మలుపు తిరుగుతుందన్నది ఇక్కడా కనిపిస్తుంది. మహారాష్ట్రకు చెందిన లలితా బాబర్ ముంబై మారథాన్‌లో భారత మహిళల్లో ముందు నిలిచాక, అక్కడి నుంచి ట్రాక్ మీద అడ్డుకర్రలూ నీటి గుంటా దాటుతూ సాగే 3000 మీటర్ల స్టీపుల్‌చేజ్‌కు మారింది. గ్రెటె నడిచిన దారికి ఇది పూర్తిగా ఎదురు. 2016లో రియో ఒలింపిక్స్ ఫైనల్ చేరి పదో స్థానంలో నిలిచింది. ఒలింపిక్స్‌లో మహిళలకు స్టీపుల్‌చేజ్ పెట్టింది 2008లో. ఇంకో ఇరవై ఏళ్లు ముందు పుట్టి ఉంటే ఆమెకు ఆ దారే లేదు.

మొదటి మారథాన్‌కు నేను కూడా ఆమెలా పెద్దగా సిద్ధం కాకుండా వెళ్లవచ్చా?

వద్దు. ఇరవై కిలోమీటర్ల సాధనతో వెళ్లి గెలిచిందన్న మాట ఒక్కటే పట్టుకుని ప్రతి ఏడాదీ కొందరు ముప్పయ్యో కిలోమీటరు దగ్గర రోడ్డు పక్కన కూలబడతారు. ఆమె ఆ రోజు బయలుదేరేనాటికే పదేళ్లకు పైగా రోజూ పరుగెత్తిన మనిషి, రెండుసార్లు ప్రపంచ రికార్డు బద్దలుకొట్టిన మనిషి. అలాంటి మనిషికే తొడలు పట్టేశాయి. ఒంట్లో నిల్వ ఉండి పరుగుకు శక్తినిచ్చే గ్లైకోజెన్ చాలామందికి ముప్పై కిలోమీటర్ల ప్రాంతంలో అడుగంటుతుంది. నెలల తరబడి దూరం మెల్లగా పెంచుకుంటూ వెళ్లిన శరీరానికే ఆ తర్వాతి పన్నెండు కిలోమీటర్లు లొంగుతాయి. అదీ కాక, ఆగస్టులో జరిగే హైదరాబాద్ మారథాన్ ఉక్కపోతకూ అక్టోబరు న్యూయార్క్ వాతావరణానికీ పోలికే లేదు. ఆమె నుంచి తీసుకోదగ్గది సూర్యుడు రాకముందే లేచే అలవాటు. ముందు రాత్రి రొయ్యలూ వైనూ మాత్రం ఆమెకే వదిలేయండి.